మోకీలు మార్చిన తర్వాత మొదటి ఆరు వారాలు

మోకీలు మార్పిడి ఆపరేషన్ జరిగిన ఆరు వారాలకు రోగి పరీక్షకు వచ్చినప్పుడు, వారు కుర్చీలో ఎలా కూర్చున్నారో మేము ముందు గమనిస్తాము. కాలు ముందుకు చాపి ఒక పక్కకు ఒరిగి ఉంటే కీలు బిగిసిందని తెలిసిపోతుంది. అడిగితే కోడలో కూతురో చెబుతారు: “అవ్వ నొప్పి అంటా ఉంటే మేమే కాలు కదపొద్దంటిమి సిస్టర్. కింద దిండు కూడా పెట్టినాము.”

ప్రేమతోనే పెట్టారు. కాని ఆ దిండే ఎక్కువ చెరుపు చేస్తుంది. మోకాలు కొద్దిగా వంగి ఉంటే హాయిగా ఉంటుంది, రోజులు గడిచే కొద్దీ అలాగే నిలిచిపోయి పూర్తిగా చాపరాదు, నడకలో కుంటు వస్తుంది. దిండు కావాలంటే మడమ కింద పెట్టండి.

ఈ ఆపరేషన్‌లో అరిగిన ఎముక చివరలకు లోహపు తొడుగులు వేసి, మధ్యలో గట్టి ప్లాస్టిక్ పలక అమరుస్తారు. అవి బిగుసుకోవు. బిగిసేవి వాటి చుట్టూ ఉన్న కండరాలు, పొరలు. గాయం మానేటప్పుడు ఏర్పడే కొత్త కణజాలం మొదటి వారాలలో సాగుతుంది, కదపకపోతే అతుక్కొని గట్టిపడుతుంది. 2017 ఆగస్టులో కేంద్ర ప్రభుత్వం కృత్రిమ మోకీళ్ల ధరలకు పరిమితి పెట్టడంతో వాటి ఖర్చు బాగా తగ్గింది. వంపు మాత్రం రోగి తెచ్చుకోవలసిందే.

చదునైన నేల మీద నడవడానికి సుమారు 65 డిగ్రీల వంపు చాలు. మెట్లు ఎక్కడానికి, కుర్చీలో నుండి లేవడానికి 90 దాకా కావాలి. చాలామందికి 110 నుండి 120 వరకు వస్తుంది. గొంతుకు కూర్చోవడానికి 130 దాటాలి. కాబట్టి కడప బండల మీద కూర్చొని వేరుశనగ కాయలు ఒలిచే పని ఇక పీట మీదనో కుర్చీలోనో జరగాలి. ఆపరేషన్‌కు ముందు మోకాలు ఎంత వంగేదో దానిని బట్టే తర్వాతి వంపు చాలావరకు ఉంటుంది. అందుకే తేదీ ఖాయం కాగానే వ్యాయామం మొదలుపెట్టమంటాము.

వెల్లకిలా పడుకొని మడమను పిరుదుల వైపు మెల్లగా జరపండి. వంగినంత వంచి, అయిదు లెక్కపెట్టి చాపండి. ఒక్కో విడతకు పదిసార్లు, రోజుకు మూడు నాలుగు విడతలు. మడమ కింద ప్లాస్టిక్ కవరు పరిస్తే సులువుగా జారుతుంది. డాక్టరు రాసిన నొప్పి మాత్ర అరగంట ముందు వేసుకోండి. నొప్పి కొంత ఉంటుంది, దానికి జడిసి మానవద్దు. తర్వాత ఐసు ముక్కలు తువ్వాలులో చుట్టి పావుగంట పెడితే వాపు తగ్గుతుంది. నూనె మర్దన, ఇంకొకరు పట్టుకొని బలవంతంగా వంచడం అసలు వద్దు.

ఆరు వారాలకు 90 డిగ్రీలు రాకపోతే వెంటనే రండి. మత్తు ఇచ్చి కీలు వంచే అవకాశం ఉంది, అది సుమారు మూడు నెలల లోపే బాగా పని చేస్తుంది. “కాయ పీకినాక వస్తాము” అని ఆగవద్దు. పిక్క వాచి నొప్పి పెట్టినా, కుట్ల దగ్గర చీము కారినా, జ్వరం వచ్చినా ఆ రోజే రావాలి. ఆయాసం గాని, ఛాతీ నొప్పి గాని వస్తే రాత్రి అయినా సరే, దగ్గరున్న ఆసుపత్రికి వెళ్లండి.