బాలింత ఎక్కడుందో కనుక్కో

న్యూ టౌన్, కోల్‌కతా

చిట్టీ,

ఉద్దానంలో ఏఎన్ఎంగా చేరావని మీ అమ్మ ఫోన్లో చెప్పింది. చాలా సంతోషం. నేనూ ఆ ఉద్యోగంలోనే రిటైరైనదాన్ని కనక ఒక్క సంగతి గట్టిగా చెబుతాను, మనసులో పెట్టుకో.

కాన్పు దాకా మనం బాగానే చూస్తాం. పేరు రాస్తాం, రక్తపరీక్ష చేయిస్తాం, 108కి ఫోన్ చేస్తాం. తల్లీబిడ్డ ఎక్స్‌ప్రెస్ బండి ఇంటి దగ్గర దింపి వెళ్ళాక బాలింతని అడిగేవాళ్ళుండరు. గండం మాత్రం అప్పటికింకా దాటదు. బాలింతల మరణాల్లో ఎక్కువ భాగం మొదటి వారంలోనే, అందులోనూ మొదటి 24 గంటల్లోనే జరుగుతాయి. మన ఆశా కార్యకర్తలు 3, 7, 14, 21, 28, 42 రోజుల్లో ఇంటికెళ్ళాలన్న నియమం ఉంది.

మరి 3, 7 రోజులు పురిటి మైలలో పడతాయి కదా! పదకొండో రోజు దాకా పరాయివాళ్ళని గదిలోకి రానివ్వని ఇళ్ళు ఇంకా ఉన్నాయి. గడప బయటే బిడ్డని చూపించి పంపేస్తారు. తల్లిని చూడకుండానే రిజిస్టరులో టిక్కు పడిపోతుంది.

అంతకన్నా పెద్ద చిక్కు పుట్టింటి కాన్పు. ఇక్కడ మా ఫ్లాట్లలో పనికి రాజార్‌హాట్ పల్లెల నుంచి ఆడవాళ్ళొస్తారు. మా ఇంటికొచ్చే ఆమె కోడలు కాన్పయ్యాక పుట్టింటికి వెళ్ళింది. అత్తవారి ఊరి ఆశా దీదీ పుస్తకంలో పేరుంది గానీ మనిషి లేదు. పుట్టింటి ఊళ్ళో మనిషి ఉన్నా పేరు ఎవరి పుస్తకంలోనూ లేదు. జ్వరంతో ఆ పిల్ల వారం పడుంటే పలకరించిన ఆరోగ్య కార్యకర్త లేదు. మన దగ్గరా అచ్చం ఇంతే. తొమ్మిదో నెల రాకముందే పురుడు ఎక్కడ పోసుకుంటుందో అడుగు. ఆ ఊరి ఏఎన్ఎంకి నువ్వే ఫోన్ చేసి ఆమెని అప్పగించు.

బాలింత ఇంట్లోని పెద్దావిడతో ముందే స్నేహం చెయ్యి. ఆ ఇంట్లో మాట చెల్లేది ఆమెదే. బాలింతకి పథ్యం వెల్లుల్లి కారం, పాత బియ్యం అంటే వాదించకు, పెట్టుకోనీ. మంచినీళ్ళు తగ్గించడం ఒక్కటి మాత్రం ఒప్పుకోకు. పాలిచ్చే తల్లిని దాహంతో ఉంచడం అన్యాయం.

బాలింతని "బాగున్నావా" అంటే బాగున్నాననే అంటుంది. గుడ్డలు ఎన్నిసార్లు మారుస్తోందో, వాసన వస్తోందో లేదో, కుట్లు ఎలా ఉన్నాయో, తలనొప్పి ఉందో, ఊరికే ఏడుపొస్తోందో విడివిడిగా అడుగు. అత్తగారి ముందు ఆ మాటలు రావు. కాసేపు ఆమెతో విడిగా కూర్చో.

ఆరో వారం బిడ్డ టీకాకి వస్తుంది, అప్పుడు చూద్దాంలే అనుకోకు. అప్పటికి ప్రమాదం చాలావరకు దాటి ఉంటుంది, లేదా ఆమే ఉండదు. ప్రధానమంత్రి మాతృ వందన పథకం డబ్బుల రెండో విడత కూడా బిడ్డ టీకాలకే ముడిపెట్టారు. తల్లి పరీక్షకి కాదు. అది నాకెప్పుడూ తప్పుగానే తోస్తుంది. పలాస జీడి పనికి పోయే కూలి తల్లికి ఒక పూట పోతే కూలి పోతుంది. తన ఒంటి కోసం ఆసుపత్రికి రమ్మంటే రాదు. అది నిర్లక్ష్యమని ఎవరన్నా అంటే ఒప్పుకోకు.

రేపు పొద్దున్నే రిజిస్టరు తీసి, ఈ నెల కాన్పయినవాళ్ళలో ఎవరెక్కడున్నారో కనుక్కో. జ్వరమున్నవాళ్ళ ఇంటికి ముందు వెళ్ళు.

మీ పెద్దమ్మ