వంతు ముగిశాక టైమరును అప్పగించడం

మా ఊళ్లో పంట కాలువ నీళ్లకు వంతులుంటాయి. వంతు అయిపోయినవాడు తన మడవ కట్టేసి, తూము షట్టరు మొదట ఎలా ఉందో అలా పెట్టి పోవాలి. ఒక ఏడాది మా పైచేను ఆయన మరచిపోయాడు. మా నాన్న రాత్రంతా గట్టు మీద కూర్చున్నాడు. కాలువలో నీళ్లున్నాయి, మా వైపు మాత్రం చుక్క రాలేదు. కంప్యూటరు కెర్నెల్ గురించి చదువుతుంటే నాకా రాత్రి గుర్తుకొచ్చింది. ఎందుకో చెప్తాను.

1981లో వచ్చిన ఐ.బి.ఎం. పి.సి.లో ఇంటెల్ 8253 అనే టైమరు చిప్పు ఉండేది. దానికి సెకనుకు సుమారు 11,93,182 స్పందనలు అందుతాయి. ఇచ్చిన అంకె నుంచి వెనక్కి లెక్కపెట్టుకుంటూ వచ్చి, లెక్క పూర్తికాగానే ప్రాసెసరును తట్టి లేపుతుంది. ఈ తట్టడాన్నే ఇంటరప్ట్ అంటారు. గరిష్ఠ అంకె 65,536. భాగించి చూడండి, సెకనుకు 18.2 ఇంటరప్టులు వస్తాయి. డాస్ గడియారం నడిచేది ఈ లెక్క మీదే. ఏదైనా ప్రోగ్రాము తన అవసరానికి దాన్ని 1,000కి పెంచి, సరిచేయకుండా వెళ్లిపోయిందనుకోండి. 65 సెకన్లు గడిచేసరికి గంటయిందని గడియారం చెప్తుంది!

తర్వాత హెచ్.పి.ఇ.టి. అనే మెరుగైన టైమరు వచ్చింది. ఇది సెకనుకు కనీసం కోటి లెక్కపెడుతుంది. దీని అమరిక రిజిస్టరులో 0వ బిట్టు టైమరును నడిపిస్తుంది. 1వ బిట్టు వేస్తే పాత టైమరు ఇంటరప్టుల దారి మూసుకుపోయి, ఆ దారిలో హెచ్.పి.ఇ.టి. ఇంటరప్టులు వస్తాయి. షట్టరు తిప్పడమంటే ఇదే.

కరెంటు తీసేస్తే రిజిస్టర్లు ఎలాగూ చెరిగిపోతాయి కదా, సరిచేయడం దేనికి అని మీకు సందేహం రావచ్చు. పూర్తిగా ఆపేస్తే చింత లేదు. కాని 2005లో లినక్సులో చేరిన కెక్సెక్ పద్ధతిలో, కరెంటు తీయకుండానే ఒక కెర్నెల్ నుంచి నేరుగా ఇంకో కెర్నెల్‌లోకి దూకవచ్చు. కొత్త కెర్నెల్ తన వేగం కొలుచుకోవడానికి పాత టైమరు ఇంటరప్టు కోసం చూస్తుంది. దారి మూసి ఉంటే అది ఎప్పటికీ రాదు. చిప్పు పాడవలేదు, కొత్త కెర్నెల్ తప్పూ లేదు. అయినా పని అక్కడే ఆగిపోతుంది.

అందుకే లినక్సు కెర్నెల్ మొదట్లోనే, ఏదీ మార్చకముందే, ఉన్న అమరికను దాచిపెట్టుకుంటుంది. ఆగిపోయేటప్పుడు ముందుగా నడిపే బిట్టు తీసేసి మిగతా పాత అమరికను రాస్తుంది. తర్వాత ఒక్కొక్క చానెల్‌కు దాని పాత విలువ రాస్తుంది. మొదట్లో టైమరు నడుస్తూ ఉండి ఉంటేనే, చివర్లో మళ్లీ నడిపిస్తుంది. ఈ వరుస వల్ల సగం సగం అమరికతో టైమరు నడవదు.

తర్వాత వచ్చేవాడు ముందువాణ్ణి అడగలేడు. అడుగుదామన్నా అప్పటికి వాడుండడు.

ఆ మరుసటి వంతుకు మా నాన్న తూము దగ్గరకెళ్లి, షట్టరు ఎన్ని మరలు పైకుందో ముందే లెక్కపెట్టుకున్నాడు. తెల్లవారి వచ్చేటప్పుడు అన్ని మరల మీదే పెట్టి వచ్చాడు. ఆయన కంప్యూటరు ముట్టుకోలేదు గాని, ఈ పాఠం ఆయనకు ముందే తెలుసు.