పార్సిల్‌కి లొంగని రుచులు

విజయవాడ గవర్నర్‌పేటలో ఒక ప్రెస్సులో నలభై ఏళ్లు ప్రూఫులు దిద్దాను. సాయంత్రమైతే బీసెంట్ రోడ్డులో టిఫినుకి తిరిగిన కాళ్లివి. ఇప్పుడు మనవడి పుణ్యమా అని పిజ్జా, హైదరాబాదు వెళ్తే అక్కడికక్కడే కాచిన బీరు. వాడు అడిగాడని ఈ సలహాలు రాస్తున్నాను. వరస అంటూ ఏమీ లేదు.

1. రొట్టె పొయ్యి దిగాక పది నిమిషాలు ఆగితే అది వేరే పదార్థం.

నేను తిన్న మొదటి పిజ్జా పార్సిల్‌ది. పెట్టె ఇంటికి చేరేసరికి ముప్పావుగంట. అడుగు చెమ్మగిల్లి, పైన చీజ్ సైకిల్ ట్యూబులా సాగింది. ఇంత గోల దీనికా అనుకున్నాను. ఆ తర్వాత మనవడు ఓవెన్ ఎదురుగా కనిపించే చోట కూర్చోబెట్టాడు. పల్చటి రొట్టె, అంచున నల్లటి మచ్చలు, కొరికితే చప్పుడు! నేపుల్స్‌లో 400 డిగ్రీలకు పైబడిన సెగలో 60 నుంచి 90 సెకన్లు ఉంచి తీస్తారట. ఆ కరకర పెట్టెలో ఎలా నిలుస్తుంది? వేడి పెసరట్టు మీద మూత పెడితే ఏమవుతుందో మన ఇళ్లలో అందరికీ తెలుసు.

2. దిబ్బరొట్టె ఎరిగినవాడికి పిజ్జా కొత్త కాదు.

మా అమ్మ బొగ్గుల కుంపటి మీద మందపాటి మూకుడు పెట్టి, నూనె పోసి, ఇడ్లీ రవ్వ కలిపిన మినప్పిండి వేసేది. మూత మీద కూడా నాలుగు నిప్పులు. కింద సెగ, పైన సెగ. పిజ్జా ఓవెన్ చేసేదీ అదే: కింద కాలిన రాయి, పైన గుమ్మటం నుంచి దిగే వేడి. తేడా పిండిలో ఉంది. గోధుమపిండి తడిపి మర్దిస్తే సాగుతుంది, అందుకని చేత్తో పల్చగా సాచుతారు. మినప్పిండికి ఆ గుణం లేదు, గిన్నె పట్టినంతే దాని ఆకారం. అడుగున ఎర్రగా వేగిన చెక్క కోసం మేం నలుగురం కొట్టుకునేవాళ్లం. ఇప్పటికీ పిజ్జాలో నేను ముందు అంచే తింటాను. మనవడు దాన్ని పళ్లెంలో వదిలేస్తాడు. అది నాకే మంచిది.

3. పైన తక్కువ వేయించుకో.

పల్చటి రొట్టె మీద కూరగాయల బుట్ట బోర్లిస్తే నీరూరి నానిపోతుంది. గాంధీనగర్ బాబాయ్ హోటల్ 1942 నుంచి ఇడ్లీకి పేరు నిలబెట్టుకుంది వెన్నతో, కారప్పొడితో.

4. బీరులో అరటిపండు వాసన వస్తే కంగారుపడొద్దు.

నేను పడ్డాను. హైదరాబాదులో గోధుమ బీరు గ్లాసు ముక్కు దగ్గరికి తెచ్చుకోగానే చక్కెరకేళి వాసన! "పండు కలిపావా బాబూ?" అని అడిగితే ఆ కుర్రాడు నవ్వి, అది ఈస్ట్ పని అన్నాడు. మొలకెత్తించి ఎండబెట్టిన ధాన్యం, నీళ్లు, చేదుకి హాప్ పువ్వులు, ఈస్ట్. సరుకు ఇంతే. బవేరియాలో 1516లోనే బీరుకి బార్లీ, హాప్స్, నీళ్లు తప్ప ఇంకేమీ వాడకూడదని శాసనం చేశారు. ఈస్ట్ ఒక జీవి అన్న సంగతి అప్పటికి ఎవరికీ తెలియదు పాపం.

మొవ్వలో మా మావయ్య పొద్దున్నే తాటికల్లు తెప్పించేవాడు. చెట్టు దిగిన లొట్టి తియ్యగా ఉండేది, మధ్యాహ్నానికి పులుపు, సాయంత్రానికి ఘాటు. గీత పడిన క్షణం నుంచీ లోపల పని జరుగుతూనే ఉంటుంది మరి. సీసా బీరు దూరం వెళ్లాలి కాబట్టి దాన్ని వడకట్టి, వేడిచేసి, ఆ పని ఆపేస్తారు. అక్కడే కాచి అక్కడే పోసేదానికి ఆ అవసరం తక్కువ. అందుకే ఆ గ్లాసు నాకు చెట్టు కింద తాటాకు దొప్పని గుర్తుచేసింది. ముందు చిన్న గ్లాసుల్లో నాలుగు రకాలు రుచి చూడు, నచ్చింది ఒకటి తెప్పించుకో.

5. ఒక్కటే.

మా ప్రెస్సులో ఒక కంపోజిటర్ ఉండేవాడు. అక్షరాలు పేర్చడంలో అంత చురుకైన వేళ్లు నేను మళ్లీ చూడలేదు. శనివారం కూలీ ఇచ్చే వేళకి అతని భార్య గేటు దగ్గర నిలబడేది, డబ్బు సారా కొట్టుకి చేరకముందే పట్టుకోవాలని. కొన్ని వారాలు పట్టుకోలేకపోయేది. 1992లో సారా మీద తిరగబడిన నెల్లూరు జిల్లా దూబగుంట ఆడవాళ్ల వార్తలు మా టేబుల్ మీదికి వచ్చినప్పుడు నాకు ఆమె మొహమే కనపడింది. 1993 అక్టోబరులో సారా ఆగింది. 1995 జనవరిలో మొత్తం మద్యమే ఆగింది, 1997లో మళ్లీ వచ్చింది. మధ్యలో మందు కోసం యానాం యాత్రలు చేసినవాళ్ల కథలు వేరే చెప్తాను.

మనవడు రెండో గ్లాసు తెప్పించబోతే చేయి అడ్డం పెట్టాను. "ఏంటి తాతయ్యా, మీ రోజుల్లో ఇంకా ఎక్కువ తాగేవాళ్లట కదా" అన్నాడు. అందుకేరా అన్నాను.

6. ఆటోలో వెళ్లు. కారు తాళం ఇంట్లో వదిలెయ్.

7. ఇంట్లో మూకుడు అమ్మెయ్యకు.

మొన్న సంక్రాంతికి వాడొచ్చినప్పుడు మా ఆవిడ దిబ్బరొట్టె వేసింది. వాడు ఫోనులో రైలు టైము చూసుకుంటూ, "అమ్మమ్మా, నాకు డబ్బాలో పెట్టివ్వు, హైదరాబాదు వెళ్లాక తింటాను" అన్నాడు. ఆవిడ మూత తీసి, అడుగు చెక్క పైకి వచ్చేలా పళ్లెంలో తిరగేసి, కంచం ముందు పీట వాల్చింది.

"రైలు ఎనిమిదింటికి కదా. కూర్చో."