చందా అడగడానికి మొహమాటమెందుకు చెల్లీ?

మీ వీధిలో ఇళ్లలో పని చేసేవాళ్ల పిల్లలకి ఈ చలికాలం స్వెట్టర్లు, బూట్లు కొనిద్దామని నీకుంది. పంజాబీ ఆంటీ తలుపు తట్టాలంటేనే కాళ్లు రావడం లేదు, అంతేగా? మనందరికీ ఉన్న బెంగే ఇది. ఢిల్లీ సత్యనికేతన్‌లో కింద మలయాళీలు, పైన మణిపురి పిల్లలు, పక్కన బీహారీలు. మన హిందీ అంతంతమాత్రం. అడిగితే ఎవరిస్తారులే అని ఇంకో దిగులు.

ఆ దిగులుకి ఒక జవాబుంది. ధౌలా కువాన్‌లో మెట్రో ఎయిర్‌పోర్ట్ లైన్ దిగి, ఆ పొడుగాటి వంతెన మీద పింక్ లైన్‌కి నడుస్తావు కదా, అవతలి స్టేషన్ పేరు చూశావా? దుర్గాబాయి దేశ్‌ముఖ్ సౌత్ క్యాంపస్. మన రాజమండ్రి ఆడపడుచు. 1921లో గాంధీగారు కాకినాడ వస్తున్నారంటే, ఆయన దేవదాసీలతోనూ, ఘోషాలో ఉండే ముస్లిం స్త్రీలతోనూ మాట్లాడాలని పట్టుబట్టింది. 5,000 రూపాయలు పోగుచేస్తే ఆయన్ని కాసేపు ఆపుతామన్నారు పెద్దలు. అప్పటికి ఆమెకి పన్నెండేళ్లు నిండాయో లేదో! ఆ సొమ్ము ఎవరిచ్చారనుకున్నావ్? ఊరంతా చిన్నచూపు చూసిన ఆ దేవదాసీలే. సభలో ఒంటిమీది నగలు కూడా తీసిచ్చారు. ఎవరిస్తారో, ఎవరివ్వరో గుమ్మం ఎక్కకముందే మనం తేల్చెయ్యకూడదమ్మా.

ఒంటరిగా వెళ్లకు. ఆ పంజాబీ ఆంటీనే మొదట కలుపుకో. మాట ఆవిడది, లెక్క నీది. పిల్లల తల్లుల్నీ పిలువు. ఎవరికి ఏ సైజో వాళ్లకే తెలుసు. వాళ్లూ పదో పరకో వేస్తామంటే వద్దనకు. నోటుబుక్కులో మొదటి పేరు నీదే రాయి, అంకెతో సహా. ఒక్కో పిల్లకి ఇంత అవుతుందని చెప్తే, "ఒకరికి నేను కొంటా" అనడం ఎవరికైనా తేలిక. యూపీఐలో వచ్చినా, చేతికిచ్చినా ఆ రోజే రాసెయ్. ఇంటి ఖర్చుల్లో కలపకు. పన్ను రాయితీ అడిగితే, అది పన్ను శాఖ గుర్తింపున్న సంస్థలకిచ్చే విరాళాలకేనని ఉన్నమాట చెప్పెయ్.

కాదన్నవాళ్లకి నవ్వుతూ నమస్తే పెట్టు. ఏ ఫీజు గడువు వాళ్ల నెత్తిమీదుందో మనకేం తెలుసు? వాట్సాప్ గ్రూపులో ఇవ్వనివాళ్ల ఊసే ఎత్తకు. బిల్లు, మిగిలిన పైసలు గేటు దగ్గర అంటించు. పంచేటప్పుడు ఫొటోలు మాత్రం వద్దు. రేపు ఆ పిల్లలు మన మెట్ల మీదే తలెత్తుకు తిరగాలి.

దసరా అవగానే మొదలుపెట్టు. దీపావళికి, ఛఠ్‌కి చాలా ఇళ్లకి తాళాలు పడతాయి. ఆదివారం పదకొండింటికి వెళ్తే అందరూ ఇంట్లోనే దొరుకుతారు.