మెడలో ఒక కీలు మూతపడితే

దిల్‌సుఖ్‌నగర్‌లోని మా బడి లెక్కల మాస్టారికి మెడ ఆపరేషను జరిగింది. రెండు నెలల తరువాత ఆయన తిరిగి వచ్చిన రోజున తొమ్మిదో తరగతి పిల్లలు, "సారు ఇక మెడ తిప్పలేరు" అనుకొని వెనుక బెంచీలలో ధైర్యంగా కబుర్లు మొదలుపెట్టారు. మాస్టారు బోర్డుమీద రాస్తూనే తల తిప్పి ఇద్దరిని పట్టేశారు! మెడలో రెండు ఎముకలు బిగించిన మనిషి తల ఎలా తిప్పగలిగారు?

మీ మెడను తడిమి చూడండి. అందులో 7 వెన్నుపూసలున్నాయి. జిరాఫీ మెడలోనూ ఏడే! మనం "కాదు" అని తల అడ్డంగా తిప్పేటప్పుడు ఆ తిరుగుడులో దాదాపు సగం పై రెండు పూసల మధ్యనే జరుగుతుంది. మిగతా సగాన్ని కింది కీళ్ళు కొంచెం కొంచెంగా పంచుకుంటాయి. ఈ కింది పూసల మధ్య డిస్కులనే మెత్తని బిళ్ళలుంటాయి.

మాస్టారికి చెడినది 5, 6 పూసల మధ్య డిస్కు. మెడ వంచినప్పుడు బాగా కదిలే చోట్లలో అదొకటి. కనుకనే అరుగుదలా ఎక్కువ. జారిన డిస్కు చేతికి పోయే నరాన్ని నొక్కడంతో సుద్దముక్క ఆయన వేళ్ళలో నిలిచేది కాదు. వెన్నుపాము డిస్కు వెనుక ఉంటుంది. దాన్ని కదపకూడదు కదా! అందుకని వైద్యులు గొంతు ముందువైపు నుంచి వెళ్ళి, డిస్కును తీసి, ఆ ఖాళీలో ఎముక ముక్క పెట్టి టైటానియం రేకుతో బిగించారు. కొన్ని నెలలకు రెండు పూసలూ ఒక్కటవుతాయి. ముందువైపు నుంచి డిస్కును తీసి ఎముక ముక్క పెట్టే ఈ పద్ధతిని, రేకు బిగింపు లేకుండా, అమెరికా వైద్యులు రాబిన్సన్, స్మిత్ 1955లో ప్రకటించారు. పై కీలు జోలికి ఎవరూ పోలేదు గనుక వెనుక బెంచీవారు దొరికిపోయారు!

ఐతే పోయిన కదలిక భారం ఎవరు మోస్తారు? పాత సైకిలు చెయిను ముక్కను విల్లులాగా వంచండి. ప్రతి లింకూ కొంచెం తిరుగుతుంది. ఇప్పుడు మధ్యనున్న రెండు లింకులను తీగతో కదలకుండా కట్టి, కొసలను మళ్ళీ అదే చోటికి తీసుకురండి. మిగిలిన లింకులు మునుపటికన్నా ఎక్కువ తిరగక తప్పదు. మెడలో ఈ అదనపు పని ముఖ్యంగా బిగించిన చోటికి పైనా కిందా ఉన్న కీళ్ళమీద పడుతుంది. ఇటువంటి ఆపరేషను జరిగిన 374 మందిని పరిశీలించి 1999లో ప్రకటించిన లెక్క ప్రకారం, ఏటా నూటికి సుమారు ముగ్గురికి పక్క కీళ్ళలో కొత్తగా బాధ వచ్చింది. బిగింపే కారణమా, వయసుతో వచ్చే అరుగుదలా అనే వాదం ఇంకా ఉంది. నాకైతే రెండూ కలిసే పనిచేస్తాయని అనిపిస్తుంది.

వెనుకనుంచి చేసే ఆపరేషను కథ వేరు. ఎల్‌బీ నగర్ కూడలి దాటి విజయవాడ రోడ్డున పోతే నల్లగొండ జిల్లా వస్తుంది. అక్కడి పల్లెలలో ఏళ్ళ తరబడి ఫ్లోరైడు నీళ్ళు తాగినవారిలో కొందరికి వెన్నుపూసలు లావెక్కి, వాటిని కట్టిఉంచే బంధనాలు ఎముకలాగా గట్టిపడి, వెన్నుపాము దారి ఇరుకైంది. కాళ్ళు బిగుసుకుపోయాయి. హైదరాబాదు నాడీ శస్త్రవైద్యుడు డి. రాజారెడ్డి దీనిపై పరిశోధించారు. ఇటువంటివారికి పూసల వెనుకనుండే ఎముక కమానును తీసి దారి వెడల్పు చేస్తారు. నరాలమీద ఒత్తిడి తగ్గవచ్చుగాని, అప్పటికే బిగిసిన మెడకు కదలిక తిరిగి రాదు.

మామూలు మెడలో కమాను తీస్తే ఇంకొక చిక్కు. తల బరువు సుమారు 5 కిలోలు. దాని గరిమనాభి వెన్నెముకకు కాస్త ముందుంటుంది. బస్సులో కునుకు తీసేవారి తల ఎటు వాలుతుందో చూశారు కదా! కరెంటు స్తంభానికి స్టే వైరులాగా, వెనుకనున్న కండరాలు, బంధనాలు తలను లాగి పట్టుకుంటాయి. ఆపరేషనుతో అవి బలహీనపడితే మెడ క్రమంగా ముందుకు వంగవచ్చు. పిల్లలలో ఈ ప్రమాదం ఎక్కువ. అందుకే జపాను వైద్యుడు హిరబయాషి 1977లో కమానును పూర్తిగా తీయక, తలుపులాగా ఒక పక్కకు తెరిచే పద్ధతి కనిపెట్టాడు.

మా మాస్టారు ఇప్పుడు నోటు పుస్తకాలను ఒళ్ళో పెట్టుకొని దిద్దడం మానేశారు. బల్లమీద ఏటవాలుగా చెక్క నిలబెట్టి, దానిమీద ఉంచి దిద్దుతున్నారు. నేను సైకిలు చెయిను చూపిస్తే, కట్టిన లింకులను వదిలి పక్క లింకునే చాలాసేపు తిప్పి చూశారు.