చెరువులో వదలిన వలలు, వృథాయగు చేపలు, పాట తగాదాలు

రాయలసీమలో చెరువు అనగా ముందు సాగునీరు, పిదప పశువులకు త్రాగునీరు, ఆ తరువాతనే చేప. వేంపల్లె ప్రాంతపు పాపఘ్ని నది గండి వద్ద కొండలను చీల్చుకొని వచ్చి కమలాపురము దగ్గర పెన్నలో కలియుచున్నను, సంవత్సరములో ఎక్కువ నెలలు ఇసుకగానే యుండును. కడప జిల్లాలో సాలుకు కురియు వర్షము సుమారు 700 మిల్లీమీటర్లు మాత్రమే. ఇట్టి సీమలో పూర్వులు చెరువును ఎంత విలువగా చూచిరో 1369 నాటి పోరుమామిళ్ళ చెరువు శాసనమే సాక్ష్యము.

చెరువులో చేపలు పెంచుట వలన ఊరికి ఆదాయము, మత్స్యకారులకు జీవనము, అందరికి బలమైన ఆహారము లభించును. అయితే మూడు లోపముల వలన ఈ లాభము చేజారుచున్నది.

వదలివేసిన వల

పూర్వము వలలు నూలుతో, జనుముతో అల్లెడివారు. అవి నీటిలో మిగిలిపోయినను కొలది కాలములో చివికి పోయెడివి. నేటి నైలాను వల అట్లు చివుకదు, ఏండ్ల తరబడి నిలుచును. తుమ్మ మోళ్ళకు చిక్కి తెగిన ముక్క మనిషి లేకున్నను చేపను పట్టుచునే యుండును. పట్టిన చేప చచ్చి క్రుళ్లును. ఆ వాసనకు వచ్చిన తాబేలు, నీటిపాము, నీటికాకి కూడ అందులోనే చిక్కుకొనును. నీరు త్రాగ దిగిన ఎనుముల కాళ్లకు చుట్టుకొనును. తూములో చేరిన ముక్క చెత్తను పోగుచేసి ఆయకట్టుకు నీరు పారకుండ చేయును.

ఇది మన ఊరి చిక్కు మాత్రమే కాదు. వలలకు యజమాని గుర్తు వేయవలెనని ఐక్యరాజ్యసమితి ఆహార వ్యవసాయ సంస్థ 2018లో అన్ని దేశములకు మార్గదర్శక సూత్రములు ఇచ్చినది. మన చెరువులో దీనికి పెద్ద ఖర్చు లేదు. ప్రతి వలకు సంఘము గుర్తుగల రేకు బిళ్ళ కట్టవలెను. దించిన వలలెన్ని, తీసినవెన్ని అని ఆనాడే లెక్క వ్రాయవలెను. వేసవిలో చెరువు ఎండినప్పుడు మోళ్ళకు చిక్కిన ముక్కలను ఏరి తీయవలెను. పాత వలను కూరగాయల మడికి కంచెగా కట్టువారు దానిని నేలకు తాకనీయరాదు. ఎలుకలను తిను పాములు అందులో చిక్కి చచ్చును.

వృథాయగు చేప

నీరు వేడెక్కిన కొలది అందులో కరగియుండు ప్రాణవాయువు తగ్గును. రాత్రివేళ నాచు కూడ ఆ వాయువునే పీల్చును గనుక తెల్లవారుజామున కొరత మిక్కుటమగును. చేపలు పైకి వచ్చి నోళ్ళు తెరచుట దీనికి గుర్తు. ఒక్కసారిగా చచ్చిన చేపకు ధర పలుకదు. కావున నీరు మూడడుగులకు దిగకముందే, పెద్ద కన్నుల వలతో, విడతలుగా పట్టి అమ్మవలెను. పట్టిన వెంటనే చేప బరువుకు సమముగా మంచు వేయవలెను. మంచు దొరకనిచోట కడుపు చీల్చి శుభ్రపరచి, 3 పాళ్ల చేపకు 1 పాలు ఉప్పు పట్టించి ఎండబెట్టవచ్చును.

తినుటకు పనికిరాని చేపను గట్టున పారవేయరాదు. చేప ఎరువులో నత్రజని నూటికి 4 నుండి 10 పాళ్లు, భాస్వరము 3 నుండి 9 పాళ్లు ఉండును. బావికి దూరముగా, మిట్టనేలపై గుంత త్రవ్వి, అడుగున వేరుశనగ పొట్టు ఒక అడుగు మందము పరచవలెను. చేపకు మూడింతలు పొట్టు చొప్పున పొరలుగా వేసి, పైన మన్ను కప్పవలెను. కుక్కలు త్రవ్వకుండ ముండ్లకంప వేయవలెను. నెలకొకసారి తిరుగవేసి, వాసన పోయిన పిమ్మట అరటికి, పసుపుకు, చీనికి వేయవచ్చును. విషము కలిపి చంపిన చేపను మాత్రము తినరాదు, ఎరువుగా వాడరాదు, లోతుగా పూడ్చవలెను. నీటిలో విషము గాని ప్రేలుడు మందు గాని వాడి చేపలను చంపుట 1897 నాటి భారత మత్స్య చట్టము క్రింద నేరము.

తగాదాలు ఎందుకు వచ్చును?

పాటదారునికి నీరు తగ్గినచో చేప సులభముగా దొరకును. ఆయకట్టు రైతుకు నీరు నిలిచిననే పైరు దక్కును. రాత్రి ఎవరో తూము ఎత్తిరను అనుమానముతో మొదలైన మాట కోర్టు వరకు పోవును. గొలుసు చెరువులలో మరొక చిక్కు గలదు. పై చెరువు మరువ పారినప్పుడు చేప క్రింది చెరువుకు దిగును. దానిని ఆపుటకు కొందరు మరువకు అడ్డముగా వల కట్టుదురు. ఇది మిక్కిలి ప్రమాదము. వలకు చెత్త తట్టి నీరు నిలిచినచో కట్ట తెగును. 2021 నవంబరులో చెయ్యేటిపై అన్నమయ్య ప్రాజెక్టు కట్ట తెగుటకు కారణము వల కాదు గాని, మిగులు నీరు సాఫీగా పోవు దారి ఎంత ముఖ్యమో ఆ వరద మనకు చూపినది. ఈశాన్య ఋతుపవనపు పెద్దవానలు దాటిన పిమ్మట కొంచెము పెద్ద పిల్లలను వదలినచో ఈ నష్టము చాలవరకు తప్పును.

పాటకు ముందే గ్రామసభలో ఈ షరతులు వ్రాసికొనుట మేలు:

1. తూము తాళము నీటి సంఘము వద్దనే యుండవలెను.
2. పశువులకై విడువవలసిన నీటిమట్టమును తూము రాతిపై గుర్తించవలెను.
3. మరువ, తూము, కాలువలకు అడ్డముగా వల కట్టరాదు.
4. మరువ దాటిన చేప క్రింది చెరువువారిదని ముందే ఒప్పుకొనవలెను.
5. గాలముతో ఇంటి కూరకు పట్టుకొనువారికి హక్కు కలదో లేదో స్పష్టము చేయవలెను.
6. గడువు ముగిసిన వారము లోపల వలలన్నియు తీసి లెక్క చూపిన పిమ్మటనే ధరావతు తిరిగి ఇయ్యవలెను.

రైతు సోదరులారా! చేప పట్టువాడు, పైరు పెట్టువాడు ఒకే నీటిపై బ్రతుకువారు. ఈ ఏడు పాట జరుగకముందే రెండు పక్షముల పెద్దలు కట్టపై కలిసి నడచి తూమును, మరువను, మోళ్ళను చూడుడు. అక్కడ తేల్చుకొనిన మాటకు కోర్టు ఖర్చు ఉండదు.