పైథాన్ లూపులో సర్వనామము

గోదావరిఖనిలో ‘మస్టరు’ అను మాట తెలియని ఇల్లు అరుదు. గనిలో పనికి దిగిన దినమునకు పడు హాజరే మస్టరు. వేతనముతో కూడిన సెలవునకు అర్హత కలుగుటకు, భూగర్భమున పనిచేయువారికి సంవత్సరమునకు కనీసము 190 హాజరులు, ఇతరులకు 240 హాజరులు ఉండవలెనని 1952 నాటి గనుల చట్టము నిర్ణయించియుండెను. కావున 189కిని 190కిని గల భేదము అంకెలో ఒక్కటియే అయినను, ఇంటిలో అది చాల పెద్దదిగా నుండెను. ఇట్టి లెక్కలను కంప్యూటరునకు అప్పగింపదలచు విద్యార్థులు ఎరుగవలసిన ఒక సూత్రమును ఇచట వివరింతుము.

గిడో వాన్ రాసమ్ 1991లో వెలువరించిన పైథాన్ భాషలో ‘ఆబ్జెక్టు’ అనగా ఒక వ్యక్తి వివరములను చేర్చి ఉంచిన కార్డు వంటిది. పేరు, మస్టర్లు అను గడులు దాని ‘ఆట్రిబ్యూట్లు’. అట్టి కార్డుల వరుస జాబితా. వరుసలోని కార్డులను ఒక్కొక్కటిగా తీసి, అన్నిటిపై ఒకే పనిని చేయుట లూపు. ఈ దిగువ వాక్యములను చూడుడు:

ఫర్ అతడు ఇన్ జాబితా:
    అతడు.మస్టర్లు = అతడు.మస్టర్లు + 1

ఫర్, ఇన్ అను మాటలను యంత్రమున ఆంగ్లలిపిలోనే వ్రాయవలెను. ‘అతడు’, ‘జాబితా’ వంటి పేర్లను తెలుగులిపిలో వ్రాయుటకు 2008లో వెలువడిన పైథాన్ 3 అవకాశమిచ్చినది.

ఇందు ‘అతడు’ అనునది సర్వనామము. ఉర్దూ వ్యాకరణమున దీనినే ‘జమీర్’ అందురు. మొదటి తిరుగుడులో అది మొదటి కార్డును, రెండవ తిరుగుడులో రెండవ కార్డును సూచించును. అది కార్డునకు నకలు కాదు. అసలు కార్డునకే పిలుపు. కావున 189 ఉన్న గడి 190 అగును. లూపు ముగిసిన పిదప కూడ అట్లే నిలుచును. కార్డును మరల జాబితాలో చేర్చ పనిలేదు.

ఇక కార్డులు లేక 189, 201, 176 అను ఉత్త అంకెల జాబితా ఉన్నదనుకొందము.

ఫర్ అంకె ఇన్ అంకెలు:
    అంకె = అంకె + 1

లూపు ముగిసిన పిదప చూచినచో జాబితాలో మరల 189, 201, 176 లే కనబడును. ఏల? పైథానులో అంకె తన లోపల మారునది కాదు. ఒకటి కలుపగా 190 అను వేరొక అంకె ఏర్పడును; ‘అంకె’ అను సర్వనామము దానిని సూచింప మొదలిడును. జాబితాలోని స్థానము మాత్రము పాత 189నే పట్టుకొని యుండును. కార్డుల జాబితాలోనైనను ‘అతడు = కొత్తకార్డు’ అని వ్రాసినచో ఇదియే గతి.

సమాన చిహ్నమునకు ఎడమవైపున చుక్క ఉన్నచో ఆబ్జెక్టు మారును. ఉత్త పేరు ఉన్నచో పిలుపు మాత్రమే మారును. అంకెల జాబితానే మార్చవలెనన్నచో స్థానమును చెప్పవలెను:

ఫర్ స్థానము, అంకె ఇన్ ఎన్యూమరేట్(అంకెలు):
    అంకెలు[స్థానము] = అంకె + 1

మరియొక జాగ్రత్త కలదు. ఒకే కార్డు జాబితాలో రెండుచోట్ల ఉన్నచో, లూపు దానిని రెండుసార్లు కలిసికొని 189ని 191 చేయును. రెండు స్థానములున్నను కార్డు ఒక్కటియే గదా!

మేము ఈ భాషను నేర్చుకొను తొలిదినములలో రెండవ విధముననే వ్రాసి, యంత్రము ఏ తప్పును చూపలేదు గనుక లెక్క సరియైనదని నమ్మితిమి. ప్రమాదమంతయు ఆ మౌనమునందే యున్నది. కావున లూపు ముగిసిన వెంటనే జాబితాను తెరపై ముద్రించి, ఒక్క పేరునైనను చేతిలెక్కతో సరిచూచుట విద్యార్థులు అలవరచుకొనవలెను.

ఉర్దూలో ‘జమీర్’ అను మాటకు అంతరాత్మ అను అర్థమును కలదు. యంత్రమునకు వ్యాకరణపు జమీర్ ఒక్కటియే తెలియును. రెండవది వ్రాయువారియందు ఉండవలెను.